కాగితం కదిలాక ఆగదు: పాత లేజర్ ప్రింటర్ల మెమరీ మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత లేజర్ ప్రింటర్ల గురించే. అందులోనూ మెమరీ గురించే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే చోటిస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఈ మెషిన్లు విప్పి బిగిస్తున్నదాన్ని. వీటి మీద నాకు మమకారం ఉంది, దాచుకోను.

ప్రశ్న: మేడమ్, మా స్కూల్లో పాత నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్ ఉంది. ఉత్తరాలు, మార్కుల పట్టికలు చక్కగా వస్తాయి. ఫోటోలున్న పేజీ ఇస్తే మాత్రం సగం ఒక కాగితం మీద, మిగతా సగం ఇంకో కాగితం మీద వస్తోంది. ఒక్కోసారి లైటు మిణుకుమిణుకుమని ఆగిపోతుంది. రిపేరుకు వచ్చినాయన "మెషిన్ పాతదైపోయింది, మార్చేయండి" అన్నాడు. టెస్ట్ పేజీలో మెమరీ 8 ఎంబీ అని ఉంది. మెమరీ పెంచితే బాగుపడుతుందా?

జవాబు: మార్చేయకండి. అక్షరాలు చక్కగా వస్తున్నాయని మీరే రాశారు. అంటే టోనరు (సిరా పొడి), డ్రమ్ము, ఫ్యూజరు (ఆ పొడిని వేడితో కాగితానికి అంటించేది), కాగితం లాగే రోలర్లు అన్నీ వాటి పని అవి చేస్తున్నట్టే. లేజర్ ప్రింటర్లో అరిగేవి అవే. అవన్నీ బాగుండగా, వేలెడు మెమరీ కార్డు లేదని ఒక మెషిన్ను పాతసామానులో వేస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

ఫోటో దగ్గరే ఎందుకు తడబడుతోందో ముందు చూద్దాం. ఇంక్‌జెట్ ప్రింటర్ ఒక వరస కొట్టి, తర్వాతి వరస కంప్యూటర్ నుంచి వచ్చేదాకా ఆగగలదు. హెడ్డు పక్కకు జరిగి నిలబడుతుంది, కాగితం ఉన్నచోటే ఉంటుంది. లేజర్ ప్రింటర్‌కు ఆ వెసులుబాటు లేదు. డ్రమ్ము ఒకే వేగంతో తిరుగుతూ ఉండాలి. లేజర్ దాని మీద గీతలు గీసుకుంటూ పోవాలి. ఆ వెనకే కాగితం వచ్చి టోనరు అందుకుని, వేడి ఫ్యూజర్లోకి దూరాలి. మధ్యలో ఆగిందంటే కాగితంలో సగం మీద ఇంకా అంటుకోని పొడి, మిగతా సగం వేడి రోలర్ల మధ్య. అందుకే కాగితం కదలకముందే పేజీ మొత్తం మెమరీలో సిద్ధంగా ఉండాలి. లేదంటే లేజర్‌కంటే ఒక అడుగు ముందైనా సిద్ధమవుతూ ఉండాలి.

ఒక పేజీకి ఎంత మెమరీ కావాలో మనమే లెక్కేసుకోవచ్చు. 600 డీపీఐ అంటే అంగుళానికి 600 చుక్కలు. ఏ4 కాగితానికి అడ్డంగా 4960, నిలువుగా 7016 వస్తాయి. రెంటినీ గుణిస్తే దాదాపు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. నలుపా తెలుపా అని చెప్పడానికి చుక్కకు ఒక బిట్ చాలు, ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే పేజీకి 4 ఎంబీ పైచిలుకు. అదే పేజీ 300 డీపీఐలో అయితే సుమారు 1 ఎంబీతో సరిపోతుంది, ఎందుకంటే డీపీఐ సగమైతే చుక్కలు నాలుగో వంతుకు పడిపోతాయి. 1200కు పెంచితే 16 ఎంబీ దాటుతుంది. రంగుల ప్రింటర్లో నాలుగు రంగులకు నాలుగు పొరలు కాబట్టి 600 డీపీఐలోనే మళ్లీ 16 ఎంబీ పైన.

"8 ఎంబీ ఉందిగా, పేజీకి నాలుగే కదా" అని మీకు అనిపించవచ్చు. ఆ 8 మొత్తం పేజీకే దక్కదు. ప్రింటర్ తన సొంత పనికి కొంత తీసుకుంటుంది, కంప్యూటర్ నుంచి వచ్చే డేటా నిలవ ఉండటానికి కొంత, ఫాంట్లకు కొంత. ఒక పేజీ బయటికి వెళ్తుండగానే రెండో పేజీ లోపల తయారవుతూ ఉంటుంది, దానికీ చోటు కావాలి.

మరి తొలి రోజుల్లో ఎలా నెట్టుకొచ్చారు? 1984లో వచ్చిన మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్‌లో మెమరీ 128 కేబీ మాత్రమే. అక్షరాలు కొట్టడానికి దానికది చాలు, పేజీ నిండా 300 డీపీఐ బొమ్మ మాత్రం పట్టేది కాదు. మరుసటి ఏడాది ఆపిల్ లేజర్‌రైటర్ 1.5 ఎంబీతో వచ్చింది. పైన మనం వేసిన 1 ఎంబీ లెక్కతో పోల్చి చూడండి, పేజీ నిండా బొమ్మ ఎందుకు సాధ్యమైందో తెలుస్తుంది. 1992లో వచ్చిన లేజర్‌జెట్ 4 అయితే 600 డీపీఐ, కానీ మామూలుగా ఇచ్చిన మెమరీ 2 ఎంబీ. నాలుగు కావాల్సిన చోట రెండు! అక్కడే ఆ ఇంజనీర్ల పనితనం చూడాలి. పేజీని చుక్కలుగా కాకుండా "ఫలానా చోట ఫలానా అక్షరం, ఇక్కడినుంచి అక్కడికి గీత" అనే జాబితాగా దాచుకుని, పేజీని అడ్డ పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని లేజర్ అక్కడికి చేరేలోపు చుక్కలుగా మార్చడం, తయారైన వాటిని కుదించి పెట్టుకోవడం. ఉత్తరం లాంటి పేజీలో తెల్లటి ఖాళీయే ఎక్కువ, అది బాగా కుదించుకుపోతుంది. ఫోటోలో ఖాళీ ఉండదు. బూడిద రంగు చూపించడానికి లక్షల చుక్కలు ఒక్కోటి ఒక్కో చోట పడతాయి. అది కుదించినా కుదరదు. మీ మెషిన్ ఫోటో దగ్గరే ఎందుకు ఆగుతోందో ఇప్పుడు అర్థమైంది కదా.

డిస్‌ప్లే ఉన్న పాత లేజర్‌జెట్‌లలో ఇది రెండు నంబర్లుగా కనిపిస్తుంది. 20 అంటే మెమరీ నిండిపోయింది, వచ్చినదంతా పట్టలేదు. 21 అంటే పేజీ మరీ చిక్కుగా ఉంది, పట్టీ తయారయ్యేలోపే లేజర్ అక్కడికి వచ్చేసింది. మీకు సగం సగం రావడం రెండో రకంలా ఉంది. మీ మెషిన్ మెనూలోనో డ్రైవర్లోనో (ప్రింటర్‌తో మాట్లాడటానికి కంప్యూటర్లో ఉండే సాఫ్ట్‌వేర్) "పేజ్ ప్రొటెక్ట్" అని ఉంటే ఆన్ చేసి చూడండి. దాంతో ప్రింటర్ పేజీ మొత్తాన్ని ముందే తయారుచేసుకుని, ఆ తర్వాతే కాగితం లాగుతుంది. అయితే దానికి పేజీ మొత్తానికి సరిపడా మెమరీని పక్కన పెట్టాలి కాబట్టి, ఉన్నదే తక్కువైతే అదీ కుదరకపోవచ్చు.

కార్డు కొనేముందు ఇంకో పరీక్ష కూడా చేయండి, నిమిషం పని. అదే ఫోటో పేజీని డ్రైవర్లో 300 డీపీఐకి తగ్గించి ఇవ్వండి. పూర్తిగా వచ్చిందా, మీ రోగం మెమరీయే, సందేహం అక్కర్లేదు. ఫోటో కొంచెం ముతకగా వస్తుంది, కార్డు దొరికేదాకా పని గడుస్తుంది. 300లోనూ సగానికే ఆగితే కేబులో, డ్రైవరో, ఆ ఫైలో తేడాగా ఉన్నట్టు. అప్పుడు మెమరీకి డబ్బు పెట్టకండి. పీడీఎఫ్ అయితే "ప్రింట్ యాజ్ ఇమేజ్" అనే టిక్కు పెట్టి చూడండి. నీడలు, ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక బొమ్మలు ఉన్న పీడీఎఫ్‌లు ప్రింటర్ను బాగా సతాయిస్తాయి. ఆ టిక్కుతో చిక్కుముడి విప్పే పని కంప్యూటర్ మీద పడుతుంది.

పరీక్షలో మెమరీయే అని తేలితే ధైర్యంగా పెంచండి. నలుపు-తెలుపు 600 డీపీఐ మెషిన్‌కు ఇంకో 32 ఎంబీ చేరిస్తే ఫోటో పేజీలకు హాయిగా సరిపోతుంది. 64 దొరికితే సంతోషం. అంతకు మించి వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

ప్రశ్న: నేను డీటీపీ పని చేస్తాను. ఇంగ్లీషు పుస్తకం ఎన్ని పేజీలిచ్చినా మా పాత లేజర్ ప్రింటర్ ఆగదు. తెలుగు పుస్తకం ఇస్తే పది పన్నెండు పేజీలకే మెమరీ నిండిందని మెసేజ్ వస్తోంది. బొమ్మలు కూడా లేవు, ఒట్టి అక్షరాలే. ఇదెక్కడి విడ్డూరం?

జవాబు: విడ్డూరం ఏమీ కాదు, మీ పరిశీలన చాలా సరైనది. ఇంగ్లీషు ఫాంట్లు చాలావరకు ప్రింటర్ లోపలే శాశ్వతంగా ఉంటాయి. పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని వర్ణించే ఒక భాష) తెలిసిన ప్రింటర్లలో 35 ఫాంట్లు ఉండటం మామూలు. కంప్యూటర్ "ఫలానా ఫాంట్లో A కొట్టు" అంటే చాలు, అక్షరం రూపం పంపక్కర్లేదు. తెలుగు ఫాంటు ప్రింటర్లో ఉండదు. ప్రతి అక్షరం ఆకారం కంప్యూటర్ నుంచి దిగాలి, దిగింది మెమరీలో చోటు తీసుకుంటుంది.

మన లిపిలో ఆకారాలు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే చూడండి. స మీద దీర్ఘం గుడి, కింద త వత్తు, దాని పక్కన ర వత్తు. క దగ్గర తలకట్టు తీసి గుడి పెడితే అదో రూపం, కొమ్మిస్తే ఇంకో రూపం. మొదటి పేజీలో వందో నూటయాభయ్యో ఆకారాలు దిగితే, రెండో పేజీలో కొత్త వత్తులు, మూడో పేజీలో ఇంకొన్ని. ఆ ప్రింటు పని అయ్యేదాకా అవి మెమరీలోనే కూర్చుంటాయి. పైగా శీర్షికకు ఒక ఫాంటు, ఉపశీర్షికకు ఇంకోటి, బోల్డు ఒకటి, ఇటాలిక్ ఒకటి. ఒక్కోదానికీ మళ్లీ మొదటినుంచి. సైజు మారితే ఆ సైజులో తయారైన చుక్కల రూపానికి కూడా వేరే చోటు కావాలి. అందుకే మొదటి పేజీ కాకుండా పదో పేజీ దగ్గర నిండుతోంది.

మెమరీ పెంచడం దీనికి చాలా మంచి మందు. నేను చూసిన వాటిలో మెమరీ వేయగానే తేడా ఎక్కువ కనిపించేది ఇలాంటి పనిలోనే. ఈలోపు పుస్తకాన్ని ఎనిమిదేసి పేజీల చొప్పున విడివిడిగా పంపండి. ఒక పని ముగియగానే దిగిన ఫాంట్లు ఖాళీ అవుతాయి. డ్రైవర్లో ట్రూటైప్ ఫాంట్లను ఎలా పంపాలో అడిగేచోట "అవుట్‌లైన్" (అక్షరం అంచుల గీతలు) అని ఉంటే "బిట్‌మ్యాప్" (చుక్కల రూపం) అని మార్చి, రెండు రకాలుగానూ ఒకే అధ్యాయం తీసి చూడండి. చిన్న సైజు అక్షరాలే ఉన్న పుస్తకానికి ఒకటి కలిసొస్తుంది, పెద్ద శీర్షికలు, రకరకాల సైజులు ఉన్నదానికి ఇంకోటి. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ అయి, ఎర్రర్ పేజీ మీద "వీఎం ఎర్రర్" అని అచ్చయితే అది కూడా ఈ జాతి సమస్యే. ఫాంట్లు, మిగతా వివరాలు పెట్టుకునే చోటు అయిపోయిందని అర్థం.

ప్రశ్న: మా ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్లో ర్యామ్ ఉంది. తీసి ప్రింటర్లో పెట్టొచ్చా? రెండూ ర్యామేగా?

జవాబు: ఏ కాలపు ప్రింటరన్నదాన్ని బట్టి ఉంటుంది. 1990ల తొలి సగంలో వచ్చిన చాలా ప్రింటర్లు 72 పిన్నుల సిమ్ వాడేవి. ఇది ఫోన్లో వేసే సిమ్ కాదు, సన్నగా పొడుగ్గా ఉండే ర్యామ్ పలక. ఆ కాలపు 486, పెంటియం కంప్యూటర్లలోనూ అదే ఉండేది. కాబట్టి స్లాట్లో దూరుతుంది. పనిచేస్తుందా అన్నది వేరే సంగతి. ఆ పలక మీద 67 నుంచి 70 దాకా ఉన్న నాలుగు పిన్నులు "నేను ఇంత సైజు, ఇంత వేగం" అని చెప్పడానికి పెట్టినవి. కంప్యూటర్లు చాలావరకు వాటిని పట్టించుకోకుండా మెమరీని తామే కొలుచుకునేవి. అందుకని చవక పలకలు తయారుచేసినవాళ్లు ఆ నాలుగు పిన్నుల్నీ ఎక్కడా కలపకుండా వదిలేశారు. ప్రింటర్లు కొన్ని ఆ పిన్నుల్నే చదువుతాయి. అక్కడ ఏమీ లేకపోతే కార్డే లేదనుకుంటాయి. కంప్యూటర్లో బంగారంలా పనిచేసిన పలక ప్రింటర్లో కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఆ తర్వాతి తరం ప్రింటర్లలో 100 పిన్నుల డిమ్ వచ్చింది. ఆ కాలపు కంప్యూటర్ల డిమ్‌లు 168 పిన్నులు, ఆ తర్వాత 184, 240. కాబట్టి ఇక్కడ కంప్యూటర్ ర్యామ్ దూరే ప్రశ్నే లేదు. ఈ 100 పిన్నుల వాటిలోనూ రకాలున్నాయి. ఈడీవో ఒకటి, ఎస్‌డీర్యామ్ ఒకటి, డీడీఆర్ ఒకటి. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే 100 పిన్నుల రూపంలో ఫాంట్లు నింపిన కార్డులు, ఫ్లాష్ కార్డులు కూడా తయారయ్యాయి. అవీ అదే స్లాట్లో కూర్చుంటాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు పిన్నులు లెక్కపెట్టి సరిపోయిందనుకుంటే ఫాంటు కార్డు ఇంటికి తెచ్చుకుంటారు. నా దగ్గరికి అలా ఇద్దరు వచ్చారు, కార్డు మెరుస్తూ ఉంది, మెమరీ మాత్రం పైసా పెరగలేదు. ఇంకొన్ని ప్రింటర్లు పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే పొట్టి రకం 144 పిన్నుల పలక తీసుకుంటాయి.

కాబట్టి కంటితో చూసి కొనకండి. మీ మోడల్ మాన్యువల్లో మెమరీ పేజీ తీసి మూడు సంగతులు రాసుకోండి: పలక రకం, ఒక్కో స్లాట్లో పెట్టగల పెద్ద సైజు, మొత్తం పరిమితి. ఉదాహరణకు హెచ్‌పీ లేజర్‌జెట్ 1200లో బోర్డు మీద 8 ఎంబీ ఉంటుంది, స్లాట్లో 64 దాకా పెట్టొచ్చు, అన్నీ కలిపి 72. బ్రదర్ హెచ్‌ఎల్ 5250డీఎన్‌లో 32 ఎంబీ ఉంటుంది, 144 పిన్నుల కార్డు 512 దాకా పట్టి 544 అవుతుంది. పరిమితికి మించిన కార్డు పెడితే ఒక్కోసారి అసలే గుర్తించదు. పాత ప్రింటర్ల నుంచి తీసిన కార్డు దొరికితే నిస్సంకోచంగా తీసుకోండి, మెమరీ కార్డు రోలరులా అరిగేది కాదు. మీ మోడల్లోనే ఉండి వచ్చిందైతే అంతకన్నా ఏం కావాలి.

ప్రశ్న: కార్డు తెప్పించాను. వేయడానికి భయంగా ఉంది మేడమ్. నేనే వేసుకోవచ్చా? ఏమైనా కాల్చేస్తానేమోనని టెన్షన్.

జవాబు: తప్పకుండా వేసుకోవచ్చు. మెమరీ మార్చడం వాడేవాళ్లే చేసుకోవాలని ఈ ప్రింటర్లు తయారుచేసినవాళ్లు ఆ చోటుకు విడిగా ఒక మూత పెట్టారు. నెమ్మదిగా చేస్తే చాలు.

మొట్టమొదట, ఏమీ విప్పకముందు, ప్రింటర్ చేత దాని కాన్ఫిగరేషన్ పేజీ (ఉత్తరాల్లో టెస్ట్ పేజీ అన్నది ఇదే) తీయించండి. మెనూలో ఉంటుంది, లేదా చిన్న మోడళ్లలో ప్రింటర్ ఖాళీగా ఉన్నప్పుడు బటన్ నొక్కితే వస్తుంది. అందులో మెమరీ ఎంత అని ఉన్న వరస కింద పెన్సిల్తో గీత గీసి పక్కన పెట్టుకోండి. ఈ కాగితంతో తర్వాత పని ఉంది.

ఇప్పుడు స్విచ్చి ఆపి, కరెంటు వైరు, కంప్యూటర్ కేబులు రెండూ పీకేయండి. పది నిమిషాలు ఆగండి, ఫ్యూజరు చల్లారుతుంది. ప్రింటర్ను పక్కకు ఒరిగించాల్సి వస్తే టోనరు కార్ట్రిడ్జ్ ముందే తీసి, వెలుతురు తగలకుండా మందపాటి గుడ్డలో చుట్టి పెట్టండి. మూత తీశాక కనిపించేది ఫార్మాటర్ బోర్డు. పేజీ తయారయ్యేది అక్కడే. కొన్ని మోడళ్లలో ఆ బోర్డే సొరుగులా బయటికి వస్తుంది.

కార్డు ముట్టుకునేముందు ప్రింటర్ లోపలి రంగు వేయని ఇనుప చట్రాన్ని చేత్తో తాకండి. ఒంట్లో ఉన్న స్టాటిక్ విద్యుత్తు అందులోకి పోతుంది. కాలి కింద తివాచీ ఉంటే అక్కడ ఈ పని వద్దు. కార్డును వెండి రంగు సంచిలోంచి తీసి అంచులు పట్టుకోండి, పిన్నుల మీద వేలు పడనీయకండి. పాత కార్డైతే పిన్నులు మసకబారి ఉంటాయి. చాలామంది రబ్బరుతో రుద్దుతారు. నేను రుద్దను, ఆ రబ్బరు పొడి స్లాట్లో పడి కొత్త తంటా తెస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, నూగు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడిచి, ఆరనిస్తాను.

సిమ్ అయితే స్లాట్లోకి ఏటవాలుగా దించి, పైఅంచు పట్టుకుని మెల్లగా నిటారుగా లేపాలి. రెండు పక్కల క్లిప్పులు ఒకేసారి టక్కుమనాలి. ఒక పక్కే టక్కుమంటే రెండో పక్క సరిగా దిగలేదన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. డిమ్ అయితే నిటారుగా దించి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కాలి. నొక్కుతుంటే పక్క మీటలు వాటంతటవే లేచి కార్డును పట్టుకుంటాయి. కింద గాడి, స్లాట్లోని గట్టు ఎదురెదురుగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. గాడి కుదరకపోతే కార్డు వేరే రకం. బలం ఉపయోగించకండి. చివరగా ఒక పని: కార్డు అంచును కంటికి సమంగా పెట్టి చూడండి. బంగారు రంగు పట్టీ స్లాట్ పైన రెండు వైపులా ఒకే మందంలో కనిపించాలి. ఒక వైపు ఎక్కువ కనిపిస్తే అటు ఇంకా దిగాలి. నేను ఇన్నేళ్లుగా "కార్డు పోయింది" అని తెచ్చినవి చూస్తే, వాటిలో చాలా వాటికి ఆ వెంట్రుకవాసి తేడాయే కారణం.

మూత వేసి, ఆన్ చేసి, మళ్లీ కాన్ఫిగరేషన్ పేజీ తీయండి. పాత కాగితం పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: మీరు చెప్పినట్టే వేశాను (పోయిన నెల ఫోన్లో చెప్పారు). టెస్ట్ పేజీలో 8 బదులు 72 ఎంబీ చూపిస్తోంది. కానీ ఫోటో పేజీ మళ్లీ సగమే వచ్చింది. డబ్బు దండగైందా?

జవాబు: దండగ కాలేదు. ప్రింటర్‌కు తెలిసింది, కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. ఫోన్లో మీకు ఆ ముక్క చెప్పడం నేను మరిచాను, క్షమించండి.

డ్రైవర్ తన దగ్గర రాసి ఉన్న మెమరీని చూసుకుని పేజీని ఎలా పంపాలో నిర్ణయిస్తుంది. అక్కడ ఇంకా 8 అనే ఉంటే మీరు 64 కొత్తగా చేర్చినా పాత పొదుపు పద్ధతిలోనే పంపుతుంది. విండోస్‌లో ప్రింటర్ పేరు ఎంచుకుని "ప్రింటర్ ప్రాపర్టీస్" తెరవండి. "ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్" కాదు, రెండూ పక్కపక్కనే ఉండి తికమక పెడతాయి. అందులో "డివైస్ సెట్టింగ్స్" అనే ట్యాబు, దాని కింద "ఇన్‌స్టాలబుల్ ఆప్షన్స్", అక్కడ "ప్రింటర్ మెమరీ". 72 ఎంచుకుని అప్లై నొక్కండి. కొన్ని డ్రైవర్లలో "ఆటోమేటిక్ కాన్ఫిగరేషన్" దగ్గర "అప్‌డేట్ నౌ" ఉంటుంది, అది ఎంచుకుంటే ప్రింటర్నే అడిగి తెలుసుకుంటుంది. ఆ ప్రింటర్ను వాడే కంప్యూటర్లు మూడుంటే మూడింటిలోనూ ఇది చూడాలి. ఉన్నదానికంటే ఎక్కువ అంకె మాత్రం వేయకండి. డ్రైవర్ నమ్మి పెద్ద పేజీ పంపుతుంది, ప్రింటర్ పట్టలేక మళ్లీ మొదటికొస్తారు.

ఇది చేశాక పేజ్ ప్రొటెక్ట్ కూడా ఆన్ చేయండి. ఇప్పుడు దానికి సరిపడా చోటుంది. అదే ఫోటో, అదే 600 డీపీఐలో తీసి నాకు రాయండి.

ప్రశ్న: నాది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. ఎంత మెమరీ దాకా పెంచొచ్చు?

జవాబు: దీనికి పెంచే వీలు లేదు, స్లాటే ఉండదు. ఇందులో 2 ఎంబీ మాత్రమే ఉంటుంది, అది లోపం కాదు. ఈ రకం ప్రింటర్లలో పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటరే చేసి, కుదించి పంపుతుంది. పెద్ద పేజీలు ఆలస్యమవుతుంటే కంప్యూటర్ వైపు చూడండి: దాని ర్యామ్, ఖాళీ డిస్కు, తెరిచి ఉంచిన ప్రోగ్రాములు.

ప్రశ్న: మెమరీ వేస్తే నిమిషానికి ఎక్కువ పేజీలు వస్తాయన్నారు. వేశాక ఉత్తరాలు అదే వేగంతో వస్తున్నాయి.

జవాబు: నిమిషానికి ఎన్ని కాగితాలన్నది మోటారు, ఫ్యూజరు నిర్ణయిస్తాయి. మెమరీ దాన్ని మార్చలేదు, మీకు అలా చెప్పినవాళ్లు పొరబడ్డారు. చిక్కు పేజీని చుక్కలుగా మార్చే వేగం కూడా ప్రింటర్లోని ప్రాసెసర్‌దే. మెమరీ వల్ల తేడా కనిపించేది మూడు చోట్ల. పేజీకి పేజీకి మధ్య ఆగి ఆగి కొట్టే పెద్ద ఫైళ్లు ఆగకుండా వస్తాయి. మీరు పంపిన పనిని ప్రింటర్ త్వరగా మింగేస్తుంది కాబట్టి కంప్యూటర్ తొందరగా ఖాళీ అవుతుంది. వరస కలిపి (ఒక్కో కాపీ మొదటి పేజీ నుంచి చివరిదాకా వచ్చేలా) పది కాపీలు తీస్తే, కొన్ని మోడళ్లలో పని ఒక్కసారే వెళ్లి మిగతా కాపీలు మెమరీలోంచే వస్తాయి. మామూలు ఉత్తరాలే మీ పనంతా అయితే మీకు ఈ కార్డు అవసరమే లేదు. తిరిగిచ్చే వీలుంటే ఇచ్చేయండి.

ప్రశ్న: కొత్త కార్డు కోసం స్లాట్లోంచి తీసేసిన పాత 16 ఎంబీ కార్డు ఏం చేయాలి?

జవాబు: కొత్త కార్డు వచ్చిన వెండి రంగు సంచిలోనే వేసి, పైన చీటీ అంటించండి: ఏ మోడల్లోంచి తీశారు, ఎంత సైజు, ఏ తేదీ. ప్రింటర్ వెనకాల కాకుండా సొరుగులో పెట్టండి, వెనకాల వేడి గాలి వస్తుంది. రేపెప్పుడైనా ప్రింటర్ ఆన్ కాగానే మెమరీ ఎర్రర్ చూపిస్తే, కొత్తది తీసి ఇది పెట్టి చూడండి. ఎర్రర్ పోతే తప్పు కార్డుది, పోకపోతే స్లాట్‌దో బోర్డుదో.